వేగు

మా ఇంటిలో దినమునకు పదిమారులైనను వినవచ్చు మాట ఒకటి కలదు. "వీడితో నేను వేగలేను" అనునది ఆ మాట. అనునది నా భార్య. ఆ ‘వీడు’ మా కుమారుని కుమారుడు. ముప్పదియైదు సంవత్సరములు ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి, పదవీ విరమణానంతరము చెప్పించుకొనువారు లేక, ఇంటిలో చెవినిబడు మాటలనే విరిచి చూచుకొనుచు ప్రొద్దుపుచ్చుచున్న నావంటివానికి, వాకిట తూరుపు వేగుచుండగా, వంటింట పోపులో ఆవాలు వేగుచుండగా, ఆ రెంటికి నడుమ గుమ్మమున నిలిచి ఒక ముదుసలి మనుమనితో వేగలేనని మొరపెట్టుకొనుచుండగా, ఒక్క క్రియ మూడు కొలువులు చేయుచున్నదే అని తోపకుండుట సాధ్యము కాదు. నాలుగవ కొలువున అది నామవాచకము. వేగు అనగా రహస్యముగా చూచి తెచ్చిన వార్త, తెచ్చువాడు వేగులవాడు, సూర్యునికంటె ముందుగా వచ్చి చీకటి ఎంత మిగిలినదో చూచిపోవు శుక్రునకు వేగుచుక్క అని పేరు. పదేండ్లక్రిందట మావాడు చేరిన దళము పేరులోని స్కౌటు అను మాటకు నేను చేసికొన్న తెలుగు ఇదియే. ఇంట ఎవరును దానిని అంగీకరింపలేదు. "స్కౌట్ అంటే స్కౌటే తాతయ్యా" అని వాడే తీర్పు చెప్పెను.

ఆంగ్లేయుల మాట వినికిడినుండి పుట్టినది. వినుట అను అర్థముగల లాటిను ధాతువు ఫ్రెంచివారి నోట నలిగి స్కౌటు అయినదని నిఘంటువులు చెప్పుచున్నవి. వైద్యులు రొమ్మున గొట్టము ఆనించి వినుటకు పెట్టుకొన్న శాస్త్రనామమునకును అదియే తల్లి. మనవారు చూపును ఎంచుకొనిరి. రాజు చారచక్షువు, ముఖమున నున్న కన్నులు రెండు అతనికి చాలవు. అందుచే కౌటిల్యుడు తాపసుల వేషమున, వర్తకుల వేషమున, గృహస్థుల వేషమున, భిక్షుకుల వేషమున ఊరూర కన్నులు నాటుమనెను. ఇన్ని కన్నులున్న దుర్యోధనునకు విరాటుని కొలువున వంటలు వండుచున్న భీముడు కనబడకపోవుట వేరు సంగతి.

2009వ సంవత్సరమున, ఏడవయేట, మావాడు రైల్వే కాలనీలోని కబ్ దళమున, అనగా పిన్నల స్కౌటు దళమున, చేరెను. వాని తండ్రి రైల్వే ఉద్యోగి. రైల్వేలకు ఈ సంస్థలో రాష్ట్రములతో సమానమైన శాఖలున్నవి. దళనాయకురాలిని వారు అకేలా అందురట. హిందీలో ఒంటరి అని అర్థముగల ఆ మాట మధ్యప్రదేశమునందలి సివనీ అడవులలోని తోడేలునకు పేరై, కిప్లింగు కథలోనికి చేరి, లండను వెళ్ళి దొరతనము సంపాదించి, తిరిగి విజయవాడ రైల్వే కాలనీకి వచ్చినదన్నమాట. మొదటి శనివారము సాయంకాలము మెడకు స్కార్ఫు, దానిని బిగించు వాగిల్ తగిలించుకొని వాడు వాకిటికి వచ్చి, నాయనమ్మకు కరచాలనము చేయుదునని ఎడమచేయి చాచెను. ఆమె రెండడుగులు వెనుకకు వేసినది. ఎడమచేతితో ఇచ్చిపుచ్చుకొనుట అశుభమని మూడేండ్లు ముద్దలు కలిపి నేర్పిన శిక్షణము ఒక్క సాయంకాలముతో గోదావరి పాలయినదని ఆమె బాధ. పశ్చిమాఫ్రికాలోని యోధులు ఎడమచేత డాలు పట్టుదురని, డాలు దింపినవాడే ఆ చేయి చాపగలడని, అది నమ్మకమునకు గురుతని, దళమున విన్న కథను వాడు అప్పజెప్పెను. "డాలో గీలో, అన్నం తినే చేయి అదికాదు" అనుటతో ఆఫ్రికా యోధుల వాదము మా ఇంట ఓడిపోయినది.

దినమునకొక మేలు చేయవలెనన్న నియమమును వాడు మొదట తులసికోటమీద ప్రయోగించెను. ప్రొద్దున ఒకమారు, బడినుండి వచ్చి ఒకమారు, నిదుర పోవుటకు ముందు ఒకమారు నీరు పోయగా పదునైదు దినములకు ఆ తులసి వేరు కుళ్ళి చనిపోయెను. అటుపిమ్మట ముడుల పర్వము. గొడుగునకు, గడెకు, దూడకు, నా వాలుకుర్చీ కాలికి ముడులు. నా పంచె చెంగునకును కుర్చీకిని వేసిన ముడిని ఎరుగక నేను లేచినప్పుడు కుర్చీయు నాతో గుమ్మమువరకు వచ్చినది. ఆ దినములలోని వాని ముడులు విప్పుటకు కావు, కత్తెరతో కోయుటకే పుట్టినవి.

నాకు ఈ సంస్థమీద మొదట గౌరవము లేకుండెను. కారణము వాడు కాదు, దాని పుట్టుక. బేడన్ పొవెల్ అను సైనికాధికారి 1876లో పందొమ్మిదేండ్ల ప్రాయమున లక్నోకు కొలువునకు వచ్చినవాడు. తరువాత దక్షిణాఫ్రికాలో బోయర్లు మాఫెకింగు పట్టణమును 217 దినములు ముట్టడించినప్పుడు దానిని కాచి పేరొందినవాడు. అచట వార్తలు మోసిన బాలురను చూచియు, సైనికులకై తాను వ్రాసిన వేగుల విద్య పుస్తకమును దేశమున పిల్లలు చదువుట చూచియు, 1907 ఆగస్టున బ్రౌన్‌సీ ద్వీపమున ఇరువదిమందికి కొంచెము అటునిటుగా బాలురను చేర్చి వారమురోజుల శిబిరము నడపెను. 1909 నాటికి అది బెంగుళూరునకు వచ్చినది. వచ్చినదేగాని, మన పిల్లలకు తొలుత అందు చోటు లేదు. ఆ చోటు వేరుగా కల్పించుటకు 1916లో మద్రాసున అనీబిసెంటమ్మ పూనుకొనవలసి వచ్చెను. ఖద్దరు తప్ప కట్టని తండ్రికి పుట్టినవాడను. చక్రవర్తికి విధేయుడనని చిన్నపిల్లలచేత ప్రతిజ్ఞ చేయించిన కాలమును ఆయన నోట విన్నవాడను. అయినను 1950 నవంబరు 7వ తేదీన వేరువేరు సంఘములు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడిన పిమ్మట చక్రవర్తి మాట పోయి, దైవము, దేశము, పరులకు సాయము, స్కౌటు నియమము మిగిలినవి. ఇవియన్నియు నేను బాగుగా ఎరుగుదును. ఎరిగియు డెబ్బదియేండ్లకు చేరువలో మనుమని మెడలోని స్కార్ఫుమీద కక్షపెట్టుకొంటినన్న, అది మనసు చేయు పనియేగాని బుద్ధి చేయు పని కాదు.

ఆ కక్షను వదలగొట్టినది ఒక ఇత్తడి పళ్ళెము. పదియేండ్లు నిండి కబ్ దళమునుండి స్కౌటు దళమునకు ఎక్కిన క్రొత్తలో, ఒక ఆదివారము భోజనానంతరము, తువ్వాలు కప్పిన పళ్ళెమును వాడు నా ముందర పెట్టి, "ఒక్క నిమిషం చూడు తాతయ్యా, తర్వాత మూసేస్తా" అని తువ్వాలు తీసెను. అందు ఇరువదినాలుగు వస్తువులు: వక్క, లవంగము, పిన్నీసు, చెల్లని పావలా, ఎఱ్ఱ బొత్తాము, వాచీ పట్టీ, అరిగిన సుద్దముక్క, నా పాత కళ్ళజోడు కాడ, ఇంకను ఏమేమో. నిమిషము గడవగానే కప్పి, కాగితము నా చేతికిచ్చెను. నాకు జ్ఞప్తికి వచ్చినవి పదకొండు. వాడు ముందటి దినమున మరియొకరు పెట్టిన పళ్ళెమున ఇరువదిరెండు చెప్పినాడట. "నాకు వసుచరిత్ర మూడాశ్వాసాలు నోటికొచ్చురా" అంటిని. వాడు తువ్వాలు మడుచుచు, "పద్యాలకు కళ్ళక్కర్లేదుగా తాతయ్యా" అనెను.

ఆ ఆట పేరు కిమ్ ఆట. కిప్లింగు 1901లో ప్రకటించిన ‘కిమ్’ నవలలో, సిమ్లాలో రత్నములు అమ్ము ఒక వర్తకుడు పళ్ళెమునిండ రాళ్ళు పోసి, కొంతసేపు చూపి, కప్పి, కిమ్మును చెప్పుమనును; కిమ్ము అచటనున్న చిన్న హిందూ బాలునిచేతిలో ఓడిపోవును. బేడన్ పొవెల్ దానిని తన పుస్తకములోనికి ఎత్తుకొనెను. ఇది తెలిసిన తరువాత నాకు ప్రాణము లేచి వచ్చినది. ఇది మన అవధానము కాదా? తిరుపతి వేంకటకవులు ఊరూర సభలు చేసి చూపినది, వృత్తము తప్పక పద్యము చెప్పుచు, నడుమ మ్రోగిన గంటలెన్నియో, వీపున పడిన పూవులెన్నియో లెక్క తప్పకుండుట కాదా? మావానికి ఆ సంగతి అంతయు వివరించితిని. వాడు శ్రద్ధగా విని, మరునాడు వంగి కూరగాయలు తరుగుచున్న నాయనమ్మ వీపున మందారపూలు వేసి లెక్కపెట్టుమనెను. వేగలేను అను మాట ఆ దినమున ఎన్నిమారులు వినబడినదో నేను లెక్కించితిని, ఏడు.

ఇక పుష్కరముల సంగతి. 2016 ఆగస్టు 12 మొదలు 23వరకు కృష్ణా పుష్కరములు జరిగినవి. మావానికి పదునాలుగేండ్లు, పద్మావతీ ఘాటున వాని దళమునకు సేవ. ముసలివారిని మెట్లు దింపుట, త్రాళ్ళ వెంబడి జనమును ఒకవైపు నడిపించుట, త్రాగునీరు అందించుట. నాలుగవ నాడు ప్రొద్దుననే దంపతులమిరువురమును స్నానమునకు పోతిమి. మునిగి లేచి, అర్ఘ్యమిచ్చి, పిండప్రదానము చేయించుచున్న పురోహితుని మంత్రములోని అపశబ్దములను నేను మనసులో సవరించుచు నిలిచినంతలో, ప్రక్కనుండవలసిన నా భార్య లేదు. ఆమె ఫోను నా చేతిసంచిలోనే యున్నది. క్రిందిమెట్టునుండి పైమెట్టువరకు తడిబట్టలతో తిరిగితిని. ఆ జనములో ప్రతి స్త్రీయు ఆమెవలెనే యుండెను. ఏ స్త్రీయు ఆమె కాదు. తుదకు తప్పిపోయినవారికై వేసిన పందిటిలోనికి పోయి చెప్పుకొంటిని. మైకు పట్టుకొన్న యువకుడు మర్యాదగల వాడు, కుర్చీ చూపి, పేరు అడిగి వ్రాసికొని, "చీర రంగేమిటండీ మాస్టారూ?" అనెను.

నేను నోరు తెరచితిని. మాట రాలేదు. ఏబదియొక్క సంవత్సరముల దాంపత్యము మాది. ప్రబంధనాయికలు ఏ పూట ఏ వలువ కట్టిరో, పయ్యెద ఎటు జారెనో, పాపటబొట్టు ఎట్లు మెరసెనో పిల్లలకు వర్ణించి వర్ణించి జీతము తీసికొన్నవాడను. ఆ తెల్లవారుజామున నాతో ఆటో ఎక్కి, నా ప్రక్కన కూర్చుండి, నా చేయి పట్టుకొని మెట్లు దిగిన స్త్రీ ఏ రంగు చీర కట్టినదో నాకు తెలియదు. "పాత చీరే" అంటిని. యువకుడు కలము ఆపి నా వంక చూచి, చూపు మరల్చుకొనెను. ఆ దయను నేను ఇప్పటికిని మరువలేదు.

ఇంతలో ఎవరు చెప్పిరో మావాడు ఈల మెడలో ఊగుచుండగా పరుగున వచ్చెను. రొప్పుచునే మైకు యువకునితో, "చిలకపచ్చ చీర, మెరూన్ అంచు. చేతిలో రాగి చెంబు. ఎడమ చెప్పుకి పిన్నీసు పెట్టి ఉంటుంది, పట్టీ తెగింది" అని, నా వైపు తిరిగి, "ఎడమ మోకాలు నొప్పిగా ఉందని రాత్రి అంది కదా తాతయ్యా. మెట్లెక్కి పైకి పోదు. ఎండలో నిలబడదు. కిందే ఎక్కడో నీడనుంటుంది" అని మాయమయ్యెను. రాత్రి ఆమె మోకాలి మాట అన్నదట. నేనును ఆ గదిలోనే ఉంటిని.

పావుగంట గడచెను. ఆ పావుగంటలో నాకు సుందరకాండ తప్ప ఏమియు తోపలేదు. పండితులు హనుమంతుని వాక్యనైపుణ్యమును మెచ్చుకొనుచు, లంకనుండి తిరిగివచ్చినవాడు సీత పేరుకంటె ముందుగా చూచుట అను క్రియను పలికెననియు, ఆలస్యమైన ఆ అరక్షణమైనను వినువాని గుండె ఆగునని ఎరిగినవాడు కనుకనే అట్లు పలికెననియు చెప్పుదురు. ఇన్నేండ్లు దానిని వ్యాకరణ చమత్కారముగా పాఠము చెప్పితిని. దూరమున జనములోనుండి ఒక చేయి పైకి లేచినది, స్కార్ఫు కనబడకమునుపే, మనిషి కనబడకమునుపే, "ఉంది తాతయ్యా!" అను కేక వినబడినది. ఎవరున్నదో, ఎక్కడున్నదో తరువాత వచ్చినది. వానికి సుందరకాండ నేను చెప్పియుండలేదు.

ఆమె వైద్యశిబిరపు గుడారము నీడను, ఖమ్మమువైపునుండి వచ్చిన ఒకామెతో కలిసి పులిహోర తినుచున్నదట. "నేనెక్కడ తప్పిపోయాను? మీరే తప్పిపోయి ఊరంతా మైకులో చెప్పించారు" అని నామీద కేకలు వేసినది. ఆ రాత్రి ఇంటికి వచ్చి, ఇకనైన కన్ను తెరచి చూడవలెనని సంకల్పించుకొని, వడ్డించుచున్న ఆమెను తేరిపార చూచితిని. కుడి కణతవద్ద చిన్న మచ్చ కలదు. అది క్రొత్తదో పాతదో చెప్పలేను. "ఏమిటలా చూస్తున్నారు, ఒంట్లో బాగుందా?" అని ఆమె నా నుదుటిమీద చేయి వేసినది.

తరువాతి సంవత్సరములను గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. ప్రథమ సోపానము, ద్వితీయ సోపానము, తృతీయ సోపానము అని మెట్లు ఎక్కెను, శిబిరములకు పోయి నల్లబడి తిరిగివచ్చెను, గొంతు మారినది, ఏడెనిమిదిమంది పిల్లలున్న పాట్రోలు అను జట్టునకు నాయకుడై, వంతులవారీగా గిన్నెలు తోమించుటలో ఎవరికిని అన్యాయము జరుగలేదని నాకు లెక్కలు చూపెను. నాయనమ్మ కట్టియిచ్చిన ఆవకాయ జాడీ శిబిరమునుండి ఎన్నడును నిండుగా రాలేదు. అప్పుడప్పుడు నేను వ్రాయు ఈ పాతకాలపు తెలుగును తీసి పైకి చదివి, "తాతయ్యా, ‘యుండెను’ అంటే ఉందా, లేదా?" అని పరిహసించుటయు నేర్చెను.

దృగ్దృశ్యవివేకమని వేదాంతులకు ఒక చిన్న గ్రంథము కలదు. రూపమును కన్ను చూచును, కన్నును మనసు చూచును, మనసును సాక్షి చూచును, ఆ సాక్షిని మాత్రము చూచువాడు లేడని దాని మొదటి మాట. తాతలందరికిని తాము ఇంటిలో ఆ సాక్షిస్థానమున కూర్చుండినామన్న భ్రమ ఒకటి యుండును. పిల్లవాడు పెరుగుచుండును, తాము చూచుచుందురు, తమ్మును చూచువారెవరు? గత సంవత్సరము వర్షాకాలమున, బందరు కాలువ గట్టుమీద ప్రొద్దుటి నడకలో నేను జారిపడితిని. మోచేయి గీచుకొన్నది, మణికట్టు వాచినది. ఇంటికి వచ్చి తలుపు తగిలినదని చెప్పితిని. నా భార్య నమ్మినది. నా కుమారుడు వార్తాపత్రికనుండి తల ఎత్తి నమ్మెను. మావాడు దగ్గరకు వచ్చి నా మోచేయి పైకెత్తి చూచి, "తలుపుకి ఎర్రమట్టి ఎందుకుంటుంది తాతయ్యా?" అనెను. పిమ్మట తన స్కార్ఫు తెచ్చి, మూడు మూలలుగా మడిచి, నా చేతిని అందులో పడుకోబెట్టి, ముడి మెడవెనుక ఎముకమీద ఒత్తుకొనకుండ ప్రక్కకు వచ్చునట్లు కట్టెను. అది రీఫ్ నాట్. చదునుగా ఒదిగి కూర్చుండినది. సాయంకాలము వైద్యుని ఎదుట వాడు కొసను ఒక వైపునకు లాగగనే జారి వచ్చినది. కత్తెర అక్కర లేకపోయినది.

వైద్యుని యెదుట వాడు చెప్పిన జాబితా నేను ఇప్పటికిని మరువజాలను. కాఫీ గ్లాసును నేను బల్ల అంచునకు రెండంగుళములు ఈవల దింపుచున్నానట. ఆరునెలలుగా పేపరును ఎడమవైపునకు త్రిప్పి చదువుచున్నానట. మెట్టు దిగునప్పుడు బొటనవ్రేలితో తడిమి కాని పాదము మోపనట. కుడి చెప్పు వెలుపలి అంచు మాత్రమే అరిగినదట. "కుడికన్ను సరిగా కనపడట్లేదు డాక్టర్ గారూ, సంవత్సరం నుంచి దాస్తున్నాడు" అని ముగించెను. శుక్లము ముదిరినదని వైద్యుడు నిర్ధారించెను. నేను కూర్చున్న బల్ల నాకు ఇత్తడి పళ్ళెమువలె తోచినది. వాడు ఎన్నినాళ్ళనుండి తువ్వాలు తీసి చూచుచున్నాడో!

శస్త్రచికిత్స అయినది, కన్ను బాగుపడినది. నడక మానుమని అందరును అనిరి. వాడొక్కడు నా పక్షమున నిలిచి ఒక షరతు పెట్టెను. నేను ఏ త్రోవన పోయినను మలుపు మలుపునను గురుతు విడువవలెను. ఆలస్యమైనచో వాడు ఆ జాడవెంట వచ్చును. దళమునందు నేర్చిన గురుతులు నాకు నేర్పెను. గులకరాళ్ళతోనో రెమ్మలతోనో బాణము పెట్టిన, ఇటు పోయితిని. గీతలు రెండు ఒకదానికొకటి అడ్డముగా పెట్టిన, ఇటు పోలేదు. చతురస్రమున అంకె వేసి బాణము గీచిన, అన్ని అడుగుల దూరమున చీటి దాచితిని. నాకు ఇది మిక్కిలి నచ్చినది. పండితుడు ప్రతిపదార్థము వ్రాసినంత శ్రద్ధతో బందరు కాలువ గట్టుమీద తుమ్మరెమ్మలతో బాణములు పేర్చుచుంటిని. ప్రొద్దుటి పూట నడచువారు నన్ను చూచి ఏమనుకొనిరో వారికే ఎరుక.

వాడు నాకు నేర్పని గురుతు ఒకటి కలదు. దానిని వాని పుస్తకములో నేనే చూచితిని: ఒక వలయము, నడుమ చుక్క. ఇంటికి పోయితిని అని దాని అర్థము. జాడవెంట వచ్చువారు ఇక వెదకనక్కర లేదని చివరిచోట గీచిపోవుదురు. 1941 జనవరిలో, నేను పుట్టిన సంవత్సరముననే, బేడన్ పొవెల్ కెన్యాలో మరణించగా, న్యేరీలోని అతని సమాధి రాతిమీద ఆ గురుతునే చెక్కిరి. ఆ బొమ్మయు ఆ పుటలోనే యున్నది. గురుతులన్నియు నేర్పినవాడు దానిని ఎందుకు విడిచెనో నేను అడుగలేదు.

మొన్న కార్తికమాసపు ఉదయమున నడకనుండి తిరిగివచ్చి, ఏదో పరధ్యానమున, గేటుముందు కళ్ళాపి చల్లిన నేలమీద చేతికర్ర కొసతో వలయము గీచి నడుమ చుక్క పెట్టితిని. తల ఎత్తునప్పటికి వాడు మెట్లమీద నిలిచి చూచుచున్నాడు. ఇప్పుడు నాకంటె జానెడు ఎత్తు. నేలను చూచెను, నన్ను చూచెను. "అది వద్దు తాతయ్యా" అనెను. "బెల్లు కొట్టు చాలు." అని క్రిందికి దిగివచ్చి పాదముతో దానిని చెరుపబోయెను.

"ముగ్గు తొక్కుతావేంరా!" అని ముగ్గుగిన్నెతో నా భార్య వచ్చినది. ఆ వలయమును తానే క్రితము దినమున సగము వేసి మరచితినని అనుకొన్నదో, మా ఇరువురిలో ఎవరో వేయబోయి చేతకాక విడిచితిమని అనుకొన్నదో, మోకాలు పట్టుకొని మెల్లగా కూర్చుండి, చుక్కచుట్టు ఎనిమిది చుక్కలు పెట్టి, రేకలు కలుపుచు పద్మము చేయసాగినది. ఆనాటి చీర రంగు చెప్పగలను, వంగపండు రంగు. లోపల పోపు మాడు వాసన వచ్చినది. "అయ్యో, ఆవాలు వేగిపోయాయి, స్టవ్ కట్టెయ్యరా! మీ ఇద్దరితో నేను వేగలేను" అని తల ఎత్తకయే అరచినది. పదేండ్లనుండి ఏకవచనముననున్న ఆ వాక్యము బహువచనమగుట నేను అప్పుడే వింటిని.